చెమట తప్పదు, కంపు తప్పించుకోవచ్చు

మే నెల, సాయంత్రం నాలుగు గంటలు. శంషాబాద్ దగ్గరి పాల్మాకులలో బెంగళూరు హైవే పక్కన వేపచెట్టు నీడలో ఒక క్యాబ్ ఆగి ఉందనుకోండి. డ్రైవర్ పొద్దున ఆరింటికి బండెక్కాడు. డీజిల్ మిగులుతుందని ప్యాసింజర్ లేనప్పుడు ఏసీ వేయడు. ఫోన్ మోగింది, ఎయిర్‌పోర్టు పికప్. బయల్దేరే ముందు సీటు కింది నుంచి స్ప్రే డబ్బా తీసి చొక్కా మీదే అటోసారి, ఇటోసారి కొట్టుకున్నాడు. ఎయిర్‌పోర్టులో ఎక్కిన పెద్దమనిషి ఏమీ అనలేదు. ఏసీ నడుస్తుండగానే తన వైపు అద్దం నాలుగు వేళ్ళ మందం కిందికి దించుకున్నాడు.

ఎవరూ ఏమీ అనరు. ఈ సమస్యలో తిరకాసంతా అక్కడే ఉంది. పళ్ళలో ఆకుకూర ఇరుక్కుంటే పక్కవాడు చెబుతాడు. చంకల వాసన సంగతి తోడబుట్టినవాళ్ళు కూడా చెప్పరు. అద్దం దిగుతుంది, పక్క కుర్చీ ఖాళీ అవుతుంది, ఎవరో లేచి ఫ్యాను పెంచుతారు. మీకూ ఇలాంటిది ఎదురైందా? స్ప్రే కొట్టుకున్న గంటకే కంపు మళ్ళీ మొదలవుతోందా? స్ప్రేలు పడక, చర్మం మండి, ‘నేచురల్’ అని రాసి ఉన్నదొకటి కొని, అదీ పనిచేయక అలమరాలో పడేశారా?

ఆ డ్రైవర్‌కు పేరు పెట్టనక్కర్లేదు. 2008 మార్చి 23న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో విమానాల రాకపోకలు మొదలయ్యాక ఈ చుట్టుపక్కల ఊళ్ళలో అలాంటివాళ్ళు చాలామంది తయారయ్యారు. క్యాబ్ నడిపేవాళ్ళు, లగేజీ ఎత్తేవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, గోదాముల్లో డబ్బాలు మోసేవాళ్ళు. పొలంలో పట్టిన చెమట గాలికి ఆరిపోయేది, మధ్యాహ్నం బోరు దగ్గర నాలుగు చెంబులు పోసుకుంటే అయిపోయేది. ఇప్పుడు పన్నెండు గంటల షిఫ్టు, మెడ దాకా బొత్తాలు, పైన పాలిస్టర్ యూనిఫాం. చెమట అదే. ఆరే దారే మూసుకుపోయింది.

ఇంతకీ కంపు ఎక్కడిది? అప్పుడే పట్టిన చెమటకు దాదాపుగా వాసనే ఉండదు. ఒంటినిండా ఉండే గ్రంథులు వదిలేది ఉప్పునీరు, ఒంటిని చల్లబరచడమే దాని పని. చంకల్లో, గజ్జల్లో మాత్రం యుక్తవయసు నుంచి ఇంకో రకం గ్రంథులు పని మొదలుపెట్టి కాస్త చిక్కటి ద్రవాన్ని వదులుతాయి. చంకలో కాపురముండే బాక్టీరియా ఆ ద్రవాన్ని విరగ్గొట్టినప్పుడు గంధకం కలిసిన పదార్థాలు పుట్టుకొస్తాయి. కుళ్ళిన ఉల్లిపాయ లాంటి ఆ ఘాటు వాటిదే. స్టెఫిలోకోకస్ హోమినిస్ అనే సూక్ష్మజీవి దీనికి పెద్ద బాధ్యురాలని ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు గుర్తించారు. అది ఏ ఎంజైముతో ఆ పని చేస్తుందో కూడా 2020లో వెల్లడించారు.

బజారులో దొరికేవి రెండు రకాలు. చెమట రంధ్రాలకు తాత్కాలికంగా బిరడా వేసేవి యాంటీపర్స్పిరెంట్లు. చెమటను దాని మానాన వదిలేసి బాక్టీరియా పని పట్టేవి, వాసనను పీల్చేసేవి డియోడరెంట్లు. ‘నేచురల్’ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. కాబట్టి చంక తడిసింది గనుక ఇది దండగ అనుకుంటే మొదటి అడుగులోనే పొరపాటు పడ్డట్టు. తడి వేరు, కంపు వేరు. మీరు చూడాల్సింది రెండోది.

1. వాసన ఒంటిదా, బట్టదా?

దీనికి పరీక్ష మీ ఇంట్లోనే ఉంది. ఉతికి ఆరేసిన యూనిఫాం చొక్కా తీసుకోండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసనే వస్తుంది. ఇప్పుడు చంక దగ్గర ఇస్త్రీ పెట్టె ఆనించండి. వేడి తగలగానే పాత కంపు ఆవిరితో పాటు పైకి లేచిందా? అయితే మీరు రోజూ స్నానం చేసి శుభ్రమైన ఒంటి మీద నిన్నటి వాసన తొడుక్కుంటున్నారు. ఎంత మంచి డియోడరెంట్ రాసినా దీని ముందు ఓడిపోతుంది.

పాలిస్టర్‌కు ఈ గుణం ఎక్కువ. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 26 మంది చేత గంటసేపు సైకిల్ తొక్కించి, వాళ్ళ టీషర్టులను మర్నాటిదాకా నిల్వ ఉంచి వాసన చూపించారు. నూలు బట్టల కన్నా పాలిస్టర్ బట్టలే ఎక్కువ కంపు కొట్టాయి. వాసన పుట్టించే ఒక రకం బాక్టీరియా పాలిస్టర్ మీదే బాగా పెరిగిందని 2014లో ప్రచురించారు.

యూనిఫాం మార్చడం మీ చేతిలో లేదు. లోపల నూలు బనీను వేసుకోవడం మీ చేతిలో ఉంది. ఎండాకాలం ఇంకో పొర ఎందుకని బనీను మానేస్తారు చాలామంది, అక్కడే దెబ్బతింటారు. చొక్కాను తిరగేసి, బకెట్ నీళ్ళలో కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, ఆ తర్వాత ఎప్పటిలా సబ్బుతో ఉతకండి. ఆ బకెట్‌లో బ్లీచింగ్ మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది. ఆరేసేటప్పుడూ తిరగేసే, ఎండలోనే ఆరేయండి.

వంటింటి వాసనది ఇంకో దారి. ఇక్కడి నుంచి అమెరికా వెళ్ళే పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పి పంపాలి: కిటికీలు మూసిన అపార్ట్‌మెంట్‌లో పోపు వేస్తే ఆ వాసన పట్టేది ఒంటికి కాదు, తలుపు వెనక తగిలించిన చలికోటుకు. కోటును అలమరాలో పెట్టి తలుపేస్తే సగం బాధ పోతుంది. మెంతులు ఎక్కువ తింటే చెమటకు ఒక తియ్యటి వాసన వస్తుందన్నది మాత్రం నిజమే. న్యూయార్క్ నగరాన్ని కొన్నేళ్ళపాటు అప్పుడప్పుడూ ఒక వింత పాకం వాసన కమ్మేస్తుండేది. అది పక్క రాష్ట్రం న్యూజెర్సీలో మెంతుల నుంచి సువాసన పదార్థాలు తీసే కర్మాగారం నుంచి వస్తోందని 2009లో తేలింది.

2. కడగడం కాదు, ఆరబెట్టడం

స్నానం అందరూ చేస్తారు. చంకల్లో సబ్బు నురగ అర నిమిషమైనా ఉంచేవాళ్ళు తక్కువ, ఆ తర్వాత పొడిగా తుడుచుకునేవాళ్ళు ఇంకా తక్కువ. తడి చంక మీద బనీను, దాని మీద చొక్కా వేసుకుని బయటపడితే బాక్టీరియాకు తడీ వేడీ రెండూ మీరే సమకూర్చినట్టు. స్నానం అయ్యాక రెండు నిమిషాలు చేతులెత్తి ఫ్యాను కింద నిలబడండి. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది, రానివ్వండి.

వెంట్రుకలు కత్తిరించుకుంటే సబ్బు చర్మం దాకా చేరుతుంది. నున్నగా గీసుకోనక్కర్లేదు, పొట్టిగా ఉంటే చాలు. షిఫ్టు మధ్యలో అవకాశం దొరికితే తడిగుడ్డతో తుడుచుకుని, ఆరాకే మళ్ళీ రాసుకోండి. పాత చెమట మీద కొత్త డియోడరెంట్ రాయడమంటే మసిబారిన గోడకు సున్నం వేయడమే. ముచ్చింతల్‌లోని సమతామూర్తి విగ్రహాన్ని చూడటానికి ఎండలో వచ్చి, తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కే ముందు స్ప్రే కొట్టుకునేవాళ్ళంతా చేసేది ఇదే.

3. మొదట పటికతో మొదలుపెట్టండి

వందలు పోసి కొనేముందు కిరాణా కొట్టులోనో, పూజా సామాను అమ్మే షాపులోనో రెండు మూడు చాయ్‌ల ఖర్చుతో దొరికే పటికను ప్రయత్నించండి. గడ్డం గీశాక మంగలి షాపులో ముఖానికి రుద్దే తెల్లటి బిల్ల అదే. హైదరాబాద్‌లో ఫిట్కరీ అన్నా ఇస్తారు. ‘పటిక’ అని నసిగితే పటిక బెల్లం పొట్లం కట్టిచ్చే కొట్లూ ఉన్నాయి. నాలుకకు తగిలిస్తే తేడా తెలిసిపోతుంది. ఒకటి తియ్యగా ఉంటుంది, రెండోది నోరంతా పిడచకట్టేలా వగరుగా ఉంటుంది.

కొట్టులో దొరికే పటిక పెళ్ళలు పెళ్ళలుగా, గాజుముక్కలా పదునైన అంచులతో ఉంటుంది. తెచ్చీ తేగానే చంకలో రుద్దితే గీరుకుపోతుంది. పిడికిట్లో పట్టే ముక్కను తీసుకుని కుళాయి కింద తిప్పుతూ అంచుల్ని బొటనవేలితో రుద్దండి. నీళ్ళలో కరిగే ఉప్పే కాబట్టి నాలుగైదు నిమిషాల్లో నదిలో దొరికే గులకరాయిలా నునుపు తేలుతుంది.

రుద్దడానికీ ఒక పద్ధతుంది. శుభ్రంగా కడిగిన చంకను కొద్దిగా తడి చేసి, పటికను కూడా తడిపి, ఒక్కో వైపు పదిహేను ఇరవైసార్లు రుద్దాలి. రెండుసార్లు తాకించి వదిలేసి ‘పనిచేయలేదు’ అనేవాళ్ళే ఎక్కువ. రుద్దాక తుడవకుండా ఆరనివ్వాలి. కంటికి కనిపించని పలచటి పొర మిగులుతుంది. పుల్లటి గుణమున్న ఆ పొర మీద బాక్టీరియా అంతగా పెరగదు. అప్పుడే గీసుకున్న చర్మం మీద మాత్రం వద్దు, చుర్రుమంటుంది. రాత్రి గీసుకుని పొద్దున రాసుకోండి.

వాడాక పటికను గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తడిదాన్ని సబ్బు డబ్బాలో మూస్తే వారానికి కరిగి అడుగున తేలుతుంది. క్యాబ్ డాష్‌బోర్డు మీద పెడితే ఇంకో తంటా. పటిక స్ఫటికాల్లో నీరు ఉంటుంది. 92 డిగ్రీల వేడికి ఆ నీటిలోనే అది కరిగిపోతుంది. అంతదాకా పోకపోయినా రోజుల తరబడి ఎండ తగిలితే నీరు పోయి పైపొర తెల్లటి పిండిలా రాలుతుంది. గ్లోవ్ బాక్సులో, గుడ్డలో చుట్టి పెట్టుకోవడం మేలు.

ఒక నిజం కూడా చెప్పాలి. ‘అల్యూమినియం లేనిది కావాలి’ అంటూ పటిక కొనేవాళ్ళున్నారు. పటిక అంటేనే పొటాషియం అల్యూమినియం సల్ఫేటు! యాంటీపర్స్పిరెంట్లలో ఉండే అల్యూమినియం క్లోరోహైడ్రేట్‌లా రంధ్రాల్లో గట్టిగా బిరడా వేయదు గానీ అల్యూమినియం ఉప్పు కాకుండా పోదు. అల్యూమినియం రాస్తే రొమ్ము కేన్సర్ వస్తుందన్న ప్రచారానికి గట్టి ఆధారాలు దొరకలేదని అమెరికా నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ అంటోంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ను అడిగే ఇలాంటివి వాడాలి.

విమానం ఎక్కేవాళ్ళకు పటికతో ఇంకో సుఖం. అంతర్జాతీయ ప్రయాణంలో చాలా ఎయిర్‌పోర్టుల్లో చేతిసంచిలో పెట్టుకునే స్ప్రే, రోల్-ఆన్, క్రీము ఏదైనా ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. పటిక గట్టి పదార్థం, ఆ లెక్కలోకి రాదు. తెల్లరాయి ఏమిటని సెక్యూరిటీ జవాను అడిగితే ‘ఫిట్కరీ’ అనండి. ఉత్తరాదివాడైనా వెంటనే అర్థమవుతుంది.

4. వంటసోడా, నిమ్మచెక్కల జోలికి వెళ్ళేముందు ఆగండి

ఇంటి చిట్కాల్లో ఎక్కువగా వినిపించేవి ఈ రెండే. ఎక్కువ చర్మాలను పాడుచేసేవీ ఇవే. చర్మం సహజంగా కాస్త ఆమ్ల గుణంతో, సుమారు 5 పీహెచ్ దగ్గర ఉంటుంది. వంటసోడా 8 దాటుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు వాసన భలే తగ్గుతుంది. రెండో వారంలో దురద, మూడో వారంలో ఎర్రటి దద్దు, అది తగ్గాక నల్లమచ్చ. పండుగకు చేతుల్లేని జాకెట్టు వేసుకుందామని వాసన పోగొట్టుకున్న అమ్మాయి, చివరికి మచ్చ దాచుకోవడానికి పొడుగు చేతులు కుట్టించుకుంటే ఏం లాభం? అందరికీ ఇలా అవుతుందని కాదు. కొందరు ఏళ్ళ తరబడి హాయిగా వాడతారు. మీరు ఏ రకమో మోచేతి మడతలో నాలుగు రోజులు రాసి చూసుకుంటే తెలుస్తుంది.

నిమ్మరసం దీనికి పూర్తిగా రెండో చివర, పీహెచ్ 2 చుట్టూ ఉంటుంది. నిమ్మజాతి రసం తగిలిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టు బొబ్బలు లేచి మచ్చలు పడే ప్రమాదం ఉంది. నిమ్మకాయను పులిహోరకే వదిలేద్దాం.

5. పటిక పడనివాళ్ళకు మందుల షాపు

మెగ్నీషియం హైడ్రాక్సైడ్. పేరు కొత్తగా అనిపిస్తుంది గానీ కడుపులో మంటకు తాగే తెల్లటి ‘మిల్క్ ఆఫ్ మెగ్నీషియా’ ఇదే. ఇదీ క్షారమే, అయితే నీళ్ళలో అతి తక్కువగా కరుగుతుంది కాబట్టి వంటసోడా అంత దురుసుగా చర్మం మీద పడదు. సీసా కుదిపి, అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని, చంకలో పలచగా రాసి ఆరనిస్తే చాలు. ఎక్కువ రాస్తే నల్ల చొక్కా మీద తెల్ల చారికలు కడుతుంది.

కొనేటప్పుడు జాగ్రత్త. మన దగ్గర దొరికే చాలా సీసాల్లో దీనితో పాటు లిక్విడ్ పారఫిన్ కలిసి ఉంటుంది. అది విరేచనం సాఫీగా అవడానికి వాడే మందు. చంకలో రాసుకుంటే జిడ్డు తప్ప ఏమీ మిగలదు. పుదీనా రుచి, చక్కెర కలిపినవీ వద్దు. లేబుల్ మీద మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఒక్కటే ఉన్నది అడగండి.

కొబ్బరినూనె సంగతీ అడుగుతారు. అందులో సగానికి దగ్గరగా ఉండే లారిక్ ఆమ్లానికి బాక్టీరియాను అణిచే గుణం ఉంది. తక్కువ చెమట పట్టేవాళ్ళకు, చలికాలంలో సరిపోతుంది. 24 డిగ్రీలకే కరిగే నూనె మే నెలలో శంషాబాద్ ఎండకు చొక్కా మీదికే పోతుంది. ఆన్‌లైన్‌లో కొన్న కొబ్బరినూనె డియోడరెంట్ క్రీము పార్సిల్‌లోనే నీళ్ళయిపోయి వచ్చిందంటే కారణం ఇదే.

6. కొనాలనుకుంటే వెనకవైపు చదవండి

డబ్బా ముందువైపు ఆకులు, పువ్వులు, ‘నేచురల్’ అనే మాట ఉంటాయి. వాటిని నమ్మి డబ్బులివ్వొద్దు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పట్టికే అసలు సంగతి చెబుతుంది. ‘పొటాషియం ఆలం’ ఉంటే మీరు పటికకే పదింతలు ఇస్తున్నారు. ‘సోడియం బైకార్బొనేట్’ పట్టిక మొదట్లోనే ఉంటే నాలుగో చిట్కా మళ్ళీ చదవండి. ‘పర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాట వెనక ఏ సువాసన పదార్థాలున్నాయో తెలియదు. చర్మం సున్నితమైనవాళ్ళు వాసన కలపనిదే కొనడం మంచిది.

వెతకదగ్గ పేరు ఒకటుంది: జింక్ రిసినోలియేట్. ఆముదం నుంచి తయారుచేస్తారు. ఇది చెమటను ఆపదు. వాసన పుట్టించే అణువులను పట్టి ఉంచి ముక్కు దాకా రానివ్వదు. ఆముదం పాలమూరు, రంగారెడ్డి రైతులకు పాత నేస్తం. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత లాంటి ఆముదం రకాలను ఇచ్చింది. పాల్మాకుల నుంచి ఎంతో దూరం లేని రాజేంద్రనగర్‌లో భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ ఇదే పంట మీద పనిచేస్తోంది. అయితే ఇంట్లో ఉన్న ఆముదాన్నే చంకలో రాసుకుంటే ఈ పని జరగదు. బంకబంకగా అంటుకుని ఉన్న కంపును ఇంకాసేపు నిలబెడుతుంది.

7. అత్తరు ఉండాలి, దాని చోట ఉండాలి

సువాసనల విషయంలో మనవాళ్ళు వెనకబడినవాళ్ళేం కాదు. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గంధాల తయారీకి ఒక అధ్యాయమే కేటాయించాడు. చార్మినార్ వైపు వెళితే ఎండాకాలానికి ఖస్, అంటే మన వట్టివేళ్ళ అత్తరు, తొలకరి వాసన వచ్చే మట్టి అత్తరు చిన్న దూదిపుల్లకు అంటించి చేతికిస్తారు.

కానీ అత్తరు కంపును చంపదు, దాని పక్కన కూర్చుంటుంది. రెండూ కలిసి వచ్చే మూడో వాసన ఉంది చూశారూ, షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కున్నవాళ్ళకు దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముందు పటికో, మెగ్నీషియానో పని చేయాలి. ఆ తర్వాత అత్తరు బొట్టు చెవి వెనకో, మణికట్టుకో. చంకలో వద్దు. లావెండర్, టీట్రీ నూనెలు కూడా నేరుగా రాస్తే కొందరికి దద్దుర్లు లేస్తాయి.

8. కుడి ఒకటి, ఎడమ ఒకటి

ఏది పనిచేస్తుందో ఎలా తేల్చాలి? చాలామంది ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి వాడి అయోమయంలో పడతారు. ఈ వారం మబ్బు పట్టింది, వచ్చే వారం ఎండ మండింది. ఇక పోలిక ఎక్కడ? మీకు రెండు చంకలున్నాయి, వాటినే వాడుకోండి. కుడివైపు పటిక, ఎడమవైపు మెగ్నీషియా. అదే ఎండ, అదే తిండి, అదే చొక్కా. పది రోజులు అలాగే సాగించి, ఆ తర్వాత వైపులు మార్చండి.

తీర్పు మీరు చెప్పుకోవద్దు. మన వాసనకు మన ముక్కు అలవాటుపడిపోతుంది. సాయంత్రం విప్పిన బనీనును ఇంట్లో నమ్మకమైన మనిషికి ఇవ్వండి.

“ఎట్లుంది?”

“కుడి దిక్కు ఏం లేదు. ఎడమ దిక్కు... జర దూరం పెట్టు.”

ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఎక్కడుంటుంది?

పాత స్ప్రే మానేశాక నెలరోజులు ‘విషాలు బయటికి పోతాయి’, అప్పటిదాకా కంపు భరించాలని కొన్ని కంపెనీలు చెబుతాయి. చంకలో విషాలేం పేరుకోలేదు. అమెరికాలో 17 మందితో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, యాంటీపర్స్పిరెంట్ మానేసిన కొద్ది రోజులకే బాక్టీరియా మళ్ళీ పెరిగినట్టు కనిపించింది. అంటే మొదటి వారం కాస్త ఇబ్బంది ఉండొచ్చు. మూడు వారాలైనా ఒక సరుకు పనిచేయకపోతే ఓపిక పట్టాల్సింది మీరు కాదు, మారాల్సింది ఆ సరుకే.

9. చిట్కాలు ఆపి డాక్టర్ దగ్గరికి

ఎన్నడూ లేనిది హఠాత్తుగా వాసన మారినా, ఏసీ గదిలో కూర్చున్నా చెమట ధార కట్టినా, బరువు తగ్గుతూ గుండె దడతో పాటు చెమటలు పోస్తున్నా పటికతో సరిపెట్టుకోకండి. థైరాయిడ్, షుగర్ చూపించుకోవాలి. చంకలో గోధుమరంగు పొలుసుల మచ్చ, మళ్ళీ మళ్ళీ లేచే సెగ్గడ్డలు ఉంటే చర్మవ్యాధుల డాక్టర్ చూడాలి. అతి చెమటకూ, మొండి కంపుకూ వాళ్ళ దగ్గర రాసుకునే మందులున్నాయి. సిగ్గుపడి చివరి నిమిషంలో గొణగకుండా ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళ, ఏమేం రాసి చూశారు అన్నది కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వాడిన డబ్బాలు కూడా పట్టుకెళ్ళండి. ఆ రోజు పొద్దున మాత్రం చంకల్లో ఏమీ రాసుకోకుండా, అత్తరు లేకుండా వెళ్ళండి. డాక్టర్ చూడాల్సింది ఆ అసలు వాసననే.